వెలుగునీడల అంచు: మోల్డింగ్ పనికి రౌటర్ బిట్ ఎంపిక

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న తెలుగువారికి గృహప్రవేశం నాటికే తెలిసివచ్చే లోటు పూజగది. కార్లకు గరాజు ఉంటుంది, బట్టలకు విడిగా గది ఉంటుంది. దేవుడికి మాత్రం ఏ అల్మారాలోని పై అరో, బేస్‌మెంటులో ఒక మూలో మిగులుతుంది. చెక్కిన టేకు మందిరాన్ని స్వదేశం నుంచి ఓడలో తెప్పించుకునేవారు కొందరు. కోస్తా తేమకు అలవాటుపడిన ఆ కలప, శీతకాలంలో హీటరు వేసిన ఇంటి పొడిగాలికి కుంచించుకొని, అతుకుల దగ్గర విచ్చుకోవడం చూసి వారు నొచ్చుకోవడమూ కద్దు. ఇంకొందరు స్వయంగా పనికి పూనుకుంటారు. వారిలో ఇంజనీర్లు, వైద్యులు, ఆచార్యులు అందరూ ఉంటారు.

మందిరానికి పెట్టె కట్టడం అంత కష్టమైన పని కాదు. నాలుగు పలకలు, ఒక పీఠం, రెండు తలుపులు. కొలత సరిగా ఉంటే చాలు. అయితే ఇంతా చేసి నిలబెట్టాక అది మందిరంలా కాక పుస్తకాల బీరువాలా కనిపిస్తుంది. లోపం ఎక్కడ ఉన్నదో ఇంట్లోని పెద్దవారు ఒక్క చూపులో చెప్పగలరు: అంచులు బోసిగా ఉన్నాయి. పైన కపోతం లేదు, కింద పద్మం లేదు. ఆ వంపుల పట్టెలనే ఇక్కడి వడ్రంగులు మోల్డింగ్ అంటారు. వాటిని కోసే విద్యుత్ పరికరం రౌటర్. దాని నోట బిగించే కత్తి బిట్. ఏ బిట్‌ను ఎన్నుకోవాలి అన్న ప్రశ్నలో కొంత వాస్తుకళ, కొంత రసాయన శాస్త్రం, కొంత యంత్రశాస్త్రం కలగలిసి ఉన్నాయి. వీటిలో చివరిదాన్ని ఉపేక్షిస్తే పాడయ్యేది కలప ఒక్కటే కాదు. వేళ్ళు కూడా పోతాయి.

నీడను బట్టి వంపు

పనిముట్ల దుకాణంలో బిట్‌లు గోడ నిండా వేలాడుతుంటాయి. ప్రతి పొట్లం మీద ఒక బొమ్మ. ఆ బొమ్మ నచ్చి కొనడమే సాధారణంగా జరిగేది. కాని బొమ్మలో ఉన్నది వంపు యొక్క అడ్డుకోత మాత్రమే. ఇంట్లో కంటికి కనిపించేది దాని మీద పడిన వెలుగూ, నీడా. ఉబ్బెత్తు వంపు మీద వెలుగు క్రమంగా తగ్గుతూ నీడలోకి జారుతుంది. లోపలికి పోయిన వంపులో నీడ ఒకచోట చేరి చిక్కబడుతుంది. రెండు వంపుల మధ్య సన్నని చదును మెట్టు ఉంటే అక్కడ కలంతో గీసినట్టు ఒక గీత ఏర్పడుతుంది. ఈ మెట్టును చిన్నచూపు చూడరాదు. అది లేనినాడు ఎంత చక్కని వంపులైనా నాలుగు బారల దూరం నుంచి ఒకదానిలో ఒకటి కలిసిపోయి, కరిగిన మైనంలా కనిపిస్తాయి.

ఈ సంగతి గ్రీకులు బాగా గ్రహించారు. వారి ఆలయాల మోల్డింగులు దీర్ఘవృత్తం, పరావలయం వంటి శంకుచ్ఛేదాలను పోలి ఉంటాయి. వంపు ఒకచోట నెమ్మదిగా, మరొకచోట చురుకుగా తిరుగుతుంది కనుక నీడ కూడా ఒకే తీరున జారదు. రోమన్లు చాలావరకు వృత్తఖండంతో సరిపెట్టుకున్నారు. నేటి రౌటర్ బిట్‌లలో అధిక భాగం రోమన్ సంప్రదాయానివే. ఇందులో కళాభిరుచి ప్రసక్తి ఏమీ లేదు. వృత్తఖండాన్ని గీయడం, సానపట్టడం తేలిక, అంతే. రోమన్ ఓజీ అనే పేరుతో అమ్ముడయ్యే బిట్‌లో ఆ చరిత్ర ఇంకా నిలిచి ఉన్నది.

తెలుగువారికి మాత్రం ఈ వంపులను చూడటానికి రోమ్ దాకా పోవలసిన అవసరం లేదు. ఏ పాత రాతి ఆలయం ముందైనా నిలబడి దాని అధిష్ఠానాన్ని కింది నుంచి పైకి చూస్తే ఈ పదజాలమంతా అక్కడే కనబడుతుంది. అట్టడుగున చదునైన ఉపానం. వంపు తిరిగిన రేకుల పద్మం. దిండులా గుండ్రంగా ఉబ్బిన కుముదం. లోపలికి నొక్కినట్టుండే కంఠం. నిలువు చదును పట్టిక. ముందుకు వంగి చూరులా వాలిన కపోతం. మయమతం, మానసారం వంటి శిల్పగ్రంథాలు వీటి ఎత్తులను భాగాల లెక్కన నిర్దేశించాయి. వడ్రంగి భాషలోకి దించితే కుముదం అర్ధవృత్తపు అంచు, పద్మం ఓజీ, కంఠం తిన్నని గాడి, పట్టిక ఇందాక చెప్పిన చదును మెట్టు. కపోతం ఒక పెద్ద ఉబ్బెత్తు వంపు, దాని కింద ఒక లోవంపు. అంటే దుకాణానికి వెళ్ళేముందు చిన్ననాట చూసిన గుడి ఛాయాచిత్రాన్ని ఒకసారి తీసి చూడటం, పొట్లాల మీది బొమ్మలు చూడటం కన్నా మేలు.

ఇందులో మరొక మెలిక ఉన్నది. ఇక్కడి ఇళ్ళలో మోల్డింగులను పైకప్పు దీపాన్నో, కిటికీ వెలుగునో దృష్టిలో పెట్టుకొని తీర్చిదిద్దుతారు. కాంతి పై నుంచి పడుతుంది. కమ్మీ కింది లోవంపు నీడలో ఉంటుంది. పూజామందిరంలో వెలుగు కింది నుంచి వస్తుంది. కుందిలో వత్తి వెలిగించగానే నీడలన్నీ తలకిందులవుతాయి. పగటిపూట నల్లగా ఉన్న లోవంపు బంగారు రంగుకు తిరుగుతుంది. పైన ఉన్న ఉబ్బెత్తు వంపు సగం చీకటిలోకి పోతుంది. కనుక మందిరపు పై కమ్మీకి, దేవుడి వైపు వంగి చూస్తున్నట్టుండే పెద్ద లోవంపు ఉన్న పట్టె ఎంతో నప్పుతుంది. ఆ ప్రభావం ఎలా ఉంటుందో కొనకముందే చూడాలంటే, పెద్ద మందపు అట్టను వంచి అతికించి, గది దీపాలు ఆర్పి, కింద ఒక టార్చి పెట్టి చూస్తే సరిపోతుంది. అసలు దీపాన్ని మాత్రం కమ్మీకి సూటిగా కింద ఉంచక, ముందుకు జరిపి పెట్టడం అవసరం. కలప రోజూ వేడెక్కి మాడటం మొదలైతే ఆ అందమంతా అగ్నిభయంగా మారుతుంది.

నాలుగు బిట్‌లు, పది అంచులు

కొత్తగా పని మొదలుపెట్టినవారిని డబ్బాలో నలభై, యాభై బిట్‌ల సమితి ఆకర్షిస్తుంది. వాటిలో ముప్పై ఏనాడూ బయటికి రావు. దానికి వెచ్చించే డబ్బుతో నాలుగు మేలైన బిట్‌లు కొనడం తెలివైన పని: 1/2 అంగుళం వ్యాసార్ధం గల రౌండోవర్ ఒకటి, అదే వ్యాసార్ధం గల కోవ్ ఒకటి, మధ్యరకం ఓజీ ఒకటి, తిన్నని బిట్ ఒకటి. రౌండోవర్ ఉబ్బెత్తు వంపును, కోవ్ లోవంపును కోస్తాయి.

ఒక్కొక్క బిట్ ఒక్క ఆకారమే ఇస్తుందనుకోవడం పొరపాటు. రౌండోవర్‌నే తీసుకుందాం. బిట్ కొసన చిన్న బేరింగ్ ఉంటుంది. అది కలప అంచును ఆనుకొని తిరుగుతూ కోత లోతును హద్దులో ఉంచుతుంది. వంపు పైకొస కలప ముఖంతో సరిగ్గా కలిసేంత ఎత్తులో బిట్‌ను ఉంచితే నున్నని గుండ్రని అంచు వస్తుంది. మరొక 1/8 అంగుళం లోతుకు దించితే ఆ వంపుకు పైన ఒక మెట్టు ఏర్పడుతుంది. బేరింగ్ తీసి కొంచెం చిన్నది వేస్తే రెండవ వైపునా మెట్టు వస్తుంది. ఒకే కత్తి, మూడు నీడలు. అంగుళం మందం పలకకు రెండు ముఖాల నుంచీ ఇదే బిట్‌ను నడిపితే కుముదం సిద్ధమవుతుంది. అయితే రెండవ కోతలో బేరింగ్ ఆనడానికి చదును మిగలదు. అక్కడ రౌటర్ బల్ల మీది ఫెన్స్ అనే అడ్డుపట్టె సాయం తీసుకోవాలి. ఓజీ పట్టెను గోడకు ఆనే ముఖం పైకి వచ్చేలా తిప్పి బిగిస్తే అదే పట్టె వేరొక ఆకారంగా కనిపిస్తుంది.

పై కమ్మీ అంతటినీ ఒకే పెద్ద బిట్‌తో కోయవచ్చునన్న ఆశ చాలామందికి కలుగుతుంది. అటువంటి బిట్‌లు దొరుకుతాయి కూడా. కాని ఇంటి పనికి అవి తగవు. మూడు సన్నని పట్టెలను మూడు చిన్న బిట్‌లతో విడివిడిగా కోసి, ఒకదానిపై ఒకటి అతికిస్తే వచ్చే కమ్మీ, ఒకే చెక్కలో కోసినదానికి ఏమాత్రం తీసిపోదు. పైన మెట్టు గల రౌండోవర్, నడుమ కోవ్, అడుగున సన్నని గుండ్రని పట్టె. మూడడుగుల మందిరానికి రెండు, రెండున్నర అంగుళాల ఎత్తు కమ్మీ చాలు. కళ్యాణమండపానికి వేసేంత కమ్మీని చిన్న మందిరం నెత్తిన పెడితే దేవుడు టోపీ పెట్టుకున్నట్టుంటుంది.

విడియా కథ

కత్తి ఏ లోహంతో చేసినదన్నది తరువాతి ప్రశ్న. పాతకాలపు బిట్‌లు హైస్పీడ్ స్టీల్‌తో చేసేవారు. దానికి ఎంతో సన్నని పదును పెట్టవచ్చు. మెత్తని కలపలో అది అద్దంలా కోస్తుంది. అయితే ఆ పదును ఎక్కువసేపు నిలవదు. పైగా ఆ బిట్‌లలో చాలావాటికి బేరింగ్‌కు బదులు ఉక్కు కొనే ఉండేది. బిట్‌తో పాటు అదీ గిర్రున తిరుగుతూ కలప అంచును రాపిడితో మాడ్చివేసేది.

ఇప్పుడు దాదాపు అన్ని బిట్‌ల అంచులూ టంగ్‌స్టన్ కార్బైడ్‌వే. 1923లో జర్మనీలో ఓస్రామ్ సంస్థలో కార్ల్ ష్రోటర్ ఈ పదార్థానికి పేటెంటు పొందాడు. దీపాల్లోని టంగ్‌స్టన్ తీగను సాగదీసే అచ్చులకు వజ్రం వాడవలసి వచ్చేది. ఆ ఖర్చు తప్పించడానికి సాగిన అన్వేషణ ఇది. తరువాత క్రుప్ సంస్థ దీన్ని విడియా పేరుతో అమ్మింది. వజ్రం వంటిది అని అర్థం వచ్చే జర్మన్ మాటలను కుదించి కూర్చిన పేరు అది.

కార్బైడ్ అంటే ఒకే ముద్ద లోహం కాదు. సూక్ష్మమైన టంగ్‌స్టన్ కార్బైడ్ రేణువులను కోబాల్టు అనే లోహం జిగురులా పట్టి ఉంచుతుంది. ఇటుకలు, సున్నం వంటి ఏర్పాటు. కోబాల్టు తక్కువైతే గట్టిదనం పెరిగి పెళుసుదనం వస్తుంది. ఎక్కువైతే దెబ్బకు తట్టుకుంటుంది కాని త్వరగా అరుగుతుంది. రేణువులు ఎంత సన్నగా ఉంటే పదును అంత బాగా నిలుస్తుంది. చవక బిట్‌కూ మేలైన బిట్‌కూ గల తేడాలో కొంత ఇక్కడే ఉన్నది. మిగతా తేడాను కొనేచోట కంటితోనే చూడవచ్చు. కార్బైడ్ పలక మందంగా ఉన్నదా? అది ఉక్కు మొండానికి అతుకుపడిన చోట ఖాళీలు, గుంటలు ఉన్నాయా? బేరింగ్ వేలితో తిప్పితే నిశ్శబ్దంగా తిరుగుతున్నదా? అంచును భూతద్దంలో చూస్తే పగుళ్ళు కనిపిస్తున్నాయా? బిట్ మీద వేసిన ఎరుపు, పసుపు రంగులకు మాత్రం ఏ అర్థమూ లేదు.

కలప స్వభావం

కలప బరువులో నలభై శాతానికి పైగా సెల్యులోజు. మిగిలినదానిలో ఎక్కువ భాగం హెమిసెల్యులోజు, లిగ్నిన్. సెల్యులోజు నారలను లిగ్నిన్ అతికి ఉంచుతుంది. వీటిలో వేడికి మొదట లొంగేది హెమిసెల్యులోజు. 200 డిగ్రీల సెల్సియస్ దాటిన కొద్దిసేపటికే అది విచ్ఛిన్నమై గోధుమరంగుకు, పిదప నలుపుకు తిరుగుతుంది. కలపలో వేడి త్వరగా ప్రసరించదు కనుక కోత దగ్గర పుట్టిన వేడి అక్కడే నిలిచిపోతుంది. మేపుల్, చెర్రీ కలపల మీద కనిపించే మాడు చారలకు కారణమిదే. ఆ రెండూ దట్టమైన, నునుపైన కలపలు. సన్నని మెట్లను, పదునైన గీతలను అవి చక్కగా నిలుపుకుంటాయి. అలసత్వాన్ని మాత్రం సహించవు.

మాడు రావడానికి బిట్ మొద్దుబారడం ఒక కారణమైతే, చేయి మరీ నెమ్మదిగా కదలడం రెండవది. ఒక చిన్న లెక్క ఈ విషయాన్ని తేటపరుస్తుంది. రెండు అంచుల బిట్ నిమిషానికి 22,000 చుట్లు తిరిగితే నిమిషానికి 44,000 కోతలు పడతాయి. కలప నిమిషానికి పది అడుగుల చొప్పున కదిలితే ఒక్కొక్క కోత 0.07 మిల్లీమీటర్ల మందం, అంటే రమారమి తలవెంట్రుక మందం పొరను తీస్తుంది. అది కోతే. భయంతోనో, జాగ్రత్త పేరుతోనో రెండడుగుల వేగానికి తగ్గిస్తే ఆ పొర 0.014 మిల్లీమీటర్లకు పడిపోతుంది. అరిగిన కత్తి అంచు గుండ్రదనమే అంతకన్నా ఎక్కువ ఉండవచ్చు. అప్పుడు కత్తి కోయదు, రుద్దుతుంది. రాపిడి వేడి అవుతుంది, వేడి మరక అవుతుంది. అందువల్ల కోత లోతు తగ్గించి, మూడు నాలుగు దఫాలుగా, ఆగకుండా నడపడం సరైన పద్ధతి. చివరి దఫా ఒక మిల్లీమీటరు కన్నా తక్కువ తీస్తే మాడునూ, పేళ్ళనూ అది ఊడ్చివేస్తుంది. ఉప్పుకాగితంతో గంటలు గంటలు రుద్దే పని తప్పుతుంది.

ఓక్ వేరొక తరహా. దాని రంధ్రాలు పెద్దవి కనుక 1/8 అంగుళం కన్నా చిన్న మెట్లు, గీతలు అందులో నిలవవు. పేళ్ళు సులభంగా లేస్తాయి. దానికి పెద్ద, సాదా వంపులే ఉచితం. ఓక్‌లో టానిన్ అధికం. తడి ఓక్‌కు ఇనుము తగిలితే నల్లని మరక పడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో గుడ్డను కరక్కాయ రసంలో ముంచి, బెల్లపు నీటిలో నానిన తుప్పు ఇనుముతో గీసినప్పుడు నల్లని గీత పుడుతుంది. రెండింటి రసాయనమూ ఒకటే. కలంకారీ పనివాడికి వరమైనది ఓక్ పనివాడికి శాపం. కలపలోని ఆమ్లాలు బిట్‌నూ వదలవు. పచ్చి కలప కోసేటప్పుడు అవి కార్బైడ్ రేణువుల మధ్య ఉన్న కోబాల్టును కొద్దికొద్దిగా కరిగిస్తాయి. జిగురు పోయిన రేణువులు రాలిపోతాయి. అరుగుదల లేకుండానే పదును పోతుంది. కనుక ఆరిన కలపనే కోయడం కత్తికీ, పనికీ మంచిది.

టేకు మీద మమకారం గలవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. దాని కణాలలో సిలికా, అంటే ఇసుకలోని పదార్థమే, ఉంటుంది. ఉక్కు బిట్ దాని ముందు క్షణాల్లో మొద్దుబారుతుంది. కార్బైడ్ తప్ప గత్యంతరం లేదు. రంగు వేయదలచిన మందిరానికి పాప్లర్ చవకైనది, లొంగుబాటు గలది. అమెరికాలో పాప్లర్ పేరుతో అమ్మే ఈ కలప నిజానికి పాప్లర్ జాతిది కాదు. వృక్షశాస్త్ర రీత్యా మన సంపెంగ కుటుంబానికి చెందినది. దేవుడి మందిరానికి అంతకన్నా ఏమి కావాలి! ఎం.డి.ఎఫ్. అనే అద్దిన పలకలో నారల వాలు లేదు కనుక వంపు వెన్నలా తెగుతుంది. కాని నీరు తగిలితే ఉబ్బుతుంది. అభిషేకం జరిగే పీఠానికి దాన్ని వాడరాదు.

వేగమూ వేళ్ళూ

రౌటర్ కొత్త యంత్రమేమీ కాదు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో కార్టర్ అనే వ్యక్తి రూపొందించిన చేతి రౌటర్ వ్యాపారాన్ని 1929లో స్టాన్లీ సంస్థ కొన్నది. అంతకు పూర్వం ఈ వంపులన్నీ చేతి చిత్రికలతో పట్టినవే, వంపుకొక చిత్రిక. చిత్రిక పట్టేవాడికి చేతులు నొచ్చేవి, కాలం పట్టేది, కాని ప్రాణభయం ఉండేది కాదు. రౌటర్ కాలాన్ని మిగిల్చి, భయాన్ని తెచ్చింది.

ఆ భయానికి మూలం అంచు వేగం. 1/2 అంగుళం వ్యాసం గల బిట్ నిమిషానికి 22,000 చుట్లు తిరిగినప్పుడు దాని అంచు గంటకు 33 మైళ్ళ వేగంతో పోతుంది. అదే చుట్లతో 3 1/4 అంగుళాల బిట్‌ను తిప్పితే అంచు వేగం గంటకు 213 మైళ్ళు. అపకేంద్ర బలం చుట్ల సంఖ్య వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఆ పెద్ద బిట్ అంచున పది గ్రాముల కార్బైడ్ ముక్క ఉన్నదనుకుంటే, 22,000 చుట్ల దగ్గర దాన్ని బయటికి లాగే బలం సుమారు 220 కిలోల బరువుకు సమానం. 10,000 చుట్లకు తగ్గిస్తే అది 46 కిలోలకు దిగుతుంది. అతుకు లోపం గల చవక బిట్ ఈ బలానికి ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. అందువల్ల అంగుళం లోపు బిట్‌కు 22,000 చుట్లు, రెండంగుళాల లోపు దానికి 18,000, మూడంగుళాలు దాటినదానికి 10,000 నుంచి 12,000 వరకు వాడుక. బిట్ మీదో, పొట్లం మీదో ముద్రించిన గరిష్ఠ వేగమే అంతిమ ప్రమాణం. వేగం మార్చే సదుపాయం లేని రౌటర్ గలవారు ఒకటిన్నర అంగుళం దాటిన బిట్ జోలికి పోకపోవడమే క్షేమం. మూడు చిన్న పట్టెల కమ్మీని ఇంతకుముందు సమర్థించడానికి అసలు కారణం ఇదే.

షాంక్, అంటే బిట్ కాడ, ఎంత లావుగా ఉండాలన్నది మరొక ప్రశ్న. ఇక్కడ 1/4 అంగుళం, 1/2 అంగుళం అని రెండు రకాలు దొరుకుతాయి. కాడ వంగకుండా నిలిచే శక్తి వ్యాసం యొక్క నాలుగవ ఘాతాన్ని బట్టి ఉంటుంది. వ్యాసం రెట్టింపైతే బిగువు పదహారు రెట్లవుతుంది. రౌటర్ నోరు పట్టగలిగితే 1/2 అంగుళం కాడనే ఎన్నుకోవాలి. సన్నకాడ వణికితే ఆ వణుకు వంపు మీద చిన్న చిన్న అలలుగా అచ్చుపడుతుంది. స్వదేశంలోని బంధువులకు బిట్‌లు కానుకగా తీసుకుపోయేవారు, అక్కడ మిల్లీమీటర్ల నోరు గల రౌటర్లు కూడా వాడుకలో ఉన్నాయని తెలుసుకోవాలి. 1/4 అంగుళం అంటే 6.35 మిల్లీమీటర్లు; 6 మిల్లీమీటర్ల నోట అది పట్టదు. దానికి విపర్యయంగా, 6 మిల్లీమీటర్ల కాడ 1/4 అంగుళం నోట సులువుగా దూరుతుంది; ప్రమాదమంతా ఆ సులువులోనే ఉన్నది. అది సరిగా బిగియదు, తిరుగుతూ జారి బయటికి వస్తుంది.

చేతులను కాపాడే సూత్రాలు కొన్నే. రౌటర్ బల్ల మీద కలపను ఎప్పుడూ కుడి నుంచి ఎడమకు, బిట్ తిరుగుడుకు ఎదురుగా నడపాలి. చేత్తో పట్టిన రౌటర్‌ను పలక వెలుపలి అంచుల చుట్టూ గడియారపు ముల్లుకు వ్యతిరేక దిశలో నడపాలి. దిశ తప్పితే బిట్ కలపను లాక్కొని విసురుతుంది; దానితోపాటు చేయీ పోతుంది. ఫెన్స్‌కూ బిట్‌కూ మధ్య సందులో కలపను నడపడం కూడా ఇటువంటిదే. సన్నని పట్టెను విడిగా కోయాలని ఎన్నడూ ప్రయత్నించరాదు: వెడల్పు పలక అంచుకు వంపు కోసి, ఆ తరువాత దాన్ని రంపంతో పట్టెగా వేరుచేయాలి. పలక నాలుగు వైపులా కోయవలసి వస్తే నార కొసలు తేలిన అడ్డంచులను ముందు, పొడవంచులను తరువాత కోస్తే, మొదటి కోతలో మూలల వద్ద లేచిన పేళ్ళు రెండవ కోతలో పోతాయి. కాడను నోట పూర్తిగా దూర్చి, వెనక్కి ఓ రెండు మూడు మిల్లీమీటర్లు లాగి బిగించాలి. అడుగు తాకితే పట్టు సరిగా కుదరదు. బిట్ మార్చేముందు విద్యుత్ తీగను గోడ నుంచి ఊడదీయడం ఎంత పాత హెచ్చరికైనా మళ్ళీ చెప్పదగినదే. బేస్‌మెంటులో పిల్లలు ఆడుకునే ఇళ్ళలో మరీ ముఖ్యం.

కంటికి కనిపించని హాని పొట్టుది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో కలప ధూళిని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల వర్గంలో చేర్చింది. ముక్కు లోపలి భాగానికి వచ్చే అరుదైన క్యాన్సర్‌కు దీనితో సంబంధం ఉన్నది. ఏళ్ళ తరబడి ఆ ధూళిలో పనిచేసినవారికే ముప్పు ఎక్కువ. ఏడాదికొక మందిరం చేసేవారు బెంబేలు పడనవసరం లేదు. అయినా మంచి ముసుగు, ధూళిని పీల్చే యంత్రం లేకుండా ఎం.డి.ఎఫ్. కోయడం అవివేకం. దానిలోని ఫార్మాల్డిహైడ్ జిగురుపై అమెరికాలో 2010లో శాసనం వచ్చి, పలకల నుంచి వెలువడే వాయువుకు పరిమితులు ఏర్పడ్డాయి. ఆ పరిమితులు పలకకే గాని, దాన్ని పొడిచేసినప్పుడు లేచే ధూళికి వర్తించవు. చెవుల మాటా మరువరాదు: రౌటర్ శబ్దం దరిదాపు 100 డెసిబెళ్ళు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్కన ఆ శబ్దాన్ని రోజుకు పదిహేను నిమిషాలకు మించి కవచం లేకుండా వినరాదు.

పని ముగిశాక బిట్‌కు అంటిన జిగురును అదే రోజు తుడిచివేయడం మేలు. పైన్ వంటి కలపల రెసిన్ వేడికి గట్టిపడి అంచు మీద పొరకడుతుంది. చాలామంది దాన్ని చూసి బిట్ మొద్దుబారిందనుకొని పారవేస్తారు. సబ్బునీటిలో నానబెట్టి, పాత పళ్ళ బ్రష్‌తో రుద్దితే సగం బిట్‌లు తిరిగి కొత్తవవుతాయి. నానబెట్టేముందు బేరింగ్ ఊడదీయాలి. లేకపోతే దానిలోని గ్రీజు కొట్టుకుపోతుంది.

పట్టెలు లెక్కకు సరిపడా కాక, రెండడుగులు అదనంగా కోసి ఉంచుకోవాలి. మూలల్లో 45 డిగ్రీల కోత ఒకటి తప్పడం సర్వసాధారణం. బిట్ ఎత్తునూ, ఫెన్స్ స్థానాన్నీ ఒకసారి కదిపాక మళ్ళీ అదే వంపు తెప్పించడం అసాధ్యమైనంత కష్టం. మిగిలిన ముక్క వెనుక వాడిన బిట్ పేరు, బేరింగ్ కొలత, చుట్ల సంఖ్య, కలప రకం పెన్సిల్‌తో రాసి ఒక మేకుకు తగిలిస్తే, మరుసటి ఏడాది పక్కింటివారు తమకూ ఒక మందిరం కావాలని వచ్చినప్పుడు దాన్ని తీసి బిట్ పక్కన పెట్టి, ఎత్తు సరిచూసుకోవచ్చు.